పొటాషియం 7.8 అని రిపోర్టు, పేషెంట్ మాత్రం బండి నడుపుకుంటూ వచ్చాడు. శాంపిల్ తీయడంలో నా తప్పెక్కడ?

మదనపల్లె_శైలు · సోమవారం రాత్రి 9:42
అందరికీ నమస్కారం. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) అయిపోయి నాలుగు నెలలైంది. బెంగళూరులో మారతహళ్లి పక్కన ఒక కలెక్షన్ సెంటర్లో చేస్తున్నాను. పేరు వద్దులెండి. ఈ నెలలో నేను తీసిన శాంపిళ్లు ఏడు వెనక్కొచ్చాయి. మూడింటికి హీమోలైజ్డ్ (ఎర్రకణాలు పగిలాయి) అని రాశారు, రెండింటికి క్లాటెడ్ (గడ్డ కట్టింది) అని. మిగతా రెండింటికి ఏమీ రాయలేదు, కానీ పొటాషియం ఆకాశానికి పోయింది.

అందులో ఒకటి మొన్న శనివారంది. యాభై ఏళ్లాయన, బీపీ మాత్రలు వేసుకుంటారు. పొటాషియం 7.8. డాక్టర్ గారు రాత్రి పదింటికి ఫోన్ చేసి వెంటనే ఎమర్జెన్సీకి రమ్మన్నారట. ఈసీజీ మామూలుగా ఉంది, అక్కడ మళ్లీ తీస్తే 4.3, అంటే మామూలే. సోమవారం పొద్దున్నే ఆయన బండేసుకుని నేరుగా మా సెంటర్‌కి వచ్చి, "ఏమ్మా, నన్ను కాగితం మీద చంపేశావు కదా" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ నాకు ఏడుపొచ్చింది.

మా ఇన్‌ఛార్జి "నీ చెయ్యి మంచిది కాదు" అంటున్నాడు. నిజం చెప్పాలంటే నాకు నరం మొదటిసారికే దొరుకుతుంది. పదిమందిలో తొమ్మిదిమందికి ఒక్క పోటే.

నేను చేసేది ఇది: నరం ఉబ్బడానికి చేతికి పట్టీ కడతాను, పిడికిలి మూసి తెరవమంటాను, నరం చూసుకుంటాను, స్పిరిట్ తుడుస్తాను, 5 ఎంఎల్ సిరంజికి 24 గేజ్ సన్న సూది పెట్టి (నొప్పి తక్కువని) గుచ్చుతాను, లాగుతాను, ట్యూబుల్లో నింపుతాను. తప్పెక్కడో చెప్పండి ప్లీజ్.

---

హిందూపురం_సిస్టర్ · సోమవారం రాత్రి 9:58
ఏడవద్దు తల్లీ. నేను పంతొమ్మిదేండ్లుగా వార్డులో ఉండా, నా శాంపిళ్లూ వెనక్కొచ్చినాయి. మూడు అడుగుతా, నిజం చెప్పు.

పట్టీ కట్టినాక ఎంతసేపటికి ఇప్పుతావు?
స్పిరిట్ తుడిచి ఆరనిస్తావా, తడి మీదనే గుచ్చుతావా?
సిరంజిలోంచి ట్యూబులోకి ఎట్ల పోస్తావు? సూది తీసేసి పోస్తావా, సూదితోనే మూతకు గుచ్చి నెడతావా?

24 గేజ్ సంగతి తర్వాత మాట్లాడుకుందాం. అది ముసలోళ్లకు, పసిపిల్లలకు సరే. అందరికీ అదే వాడితే ఎట్లమ్మా.

---

సిల్క్‌బోర్డ్_బాధితుడు · సోమవారం రాత్రి 10:05
హోమ్ కలెక్షన్ చేస్తాను, హెచ్‌ఎస్‌ఆర్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా. పొటాషియం అంటే నాకు మొదట గుర్తొచ్చేది ఐస్ ప్యాక్. కొత్తలో శాంపిల్ పాడవకూడదని ట్యూబుల్ని నేరుగా ఐస్ ప్యాక్‌కి ఆనించి పెట్టేవాణ్ణి. పాలు, చేపలు అయితే చల్లగా ఉంటే మంచిది. రక్తం అట్లా కాదు. చల్లబడితే ఎర్రకణం లోపల పొటాషియాన్ని పట్టి ఉంచే పంపు మందగిస్తుంది, అది మెల్లగా బయటికి కారుతుంది. చూడటానికి సీరం (రక్తం గడ్డ కట్టాక పైన తేలే నీరు) శుభ్రంగానే ఉంటుంది, నంబరు మాత్రం ఎక్కుతుంది. చెల్లీ, మీ సెంటర్లో సీరం వేరు చేసే సెంట్రిఫ్యూజ్ ఉందా, లేక మొత్తం మెయిన్ ల్యాబ్‌కి పోతుందా?

---

బయోకెమ్_పీజీ · సోమవారం రాత్రి 10:21
అందరూ ఒక్క నిమిషం ఆగండి. శైలు గారూ, మీవి ఒకే జబ్బు కాదు, కనీసం మూడు. హీమోలైజ్ అయినవి వేరు, గడ్డ కట్టినవి వేరు, ఆ 7.8 వేరు.

రెండు విషయాలు చూసి చెప్పండి. శనివారం శాంపిల్లో సీరం ఎర్రగా ఉందా, మామూలు లేత పసుపేనా? అదే రిపోర్టులో కాల్షియం ఎంత, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఎంత? చూడకుండా ఊహించి చెప్పొద్దు, రిపోర్టు తెరిచి చెప్పండి.

---

మదనపల్లె_శైలు · సోమవారం రాత్రి 10:40
సిస్టర్ అక్కా: పట్టీ... రక్తం పూర్తిగా తీసేదాకా ఉంచుతాను. రెండు నిమిషాలు అవుతుందేమో. స్పిరిట్ తుడవగానే గుచ్చేస్తాను, క్యూ ఉంటుంది కదా. సూదితోనే మూతకు గుచ్చి నెడతాను.

సిల్క్‌బోర్డ్ అన్నా: సెంట్రిఫ్యూజ్ ఉంది, ఐస్‌లో పెట్టం.

సార్/మేడమ్: మెయిన్ ల్యాబ్‌లో స్నేహితురాలిని అడిగాను. సీరం శుభ్రంగా ఉందట, ఎరుపే లేదు. కాల్షియం 5.9. ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ 11.

---

బయోకెమ్_పీజీ · సోమవారం రాత్రి 10:44
మేడమ్‌నే :) దొరికింది.

పొటాషియం ఎక్కింది, కాల్షియం పడిపోయింది, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ నేలకంటింది, సీరం మాత్రం తేటగా ఉంది. నిజంగా 5.9 కాల్షియం ఉన్నవాడైతే వేళ్లు వంకర్లు పోయి వచ్చేవాడు, బండి మీద కాదు. ఈ నాలుగూ కలిసి కనబడితే ముందు అనుమానించాల్సింది పర్పుల్ మూత ట్యూబునే. అందులో ఉండే ఈడీటీఏ పొటాషియం ఉప్పు రూపంలో ఉంటుంది. అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, గడ్డ కట్టనివ్వకుండా ఆపేది ఆ పనితోనే. మెగ్నీషియం, జింక్‌లనీ పట్టేస్తుంది. అవి లేకపోతే ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పనిచేయదు.

ఇప్పుడు చెప్పండి. ఏ ట్యూబు ముందు నింపుతారు? పర్పుల్‌లోంచి సీరం కోసం వాడే పసుపు మూత ట్యూబులోకి ఎప్పుడైనా పోశారా?

---

మదనపల్లె_శైలు · సోమవారం రాత్రి 11:02
పోశాను మేడమ్.

పర్పుల్ ముందే నింపుతాను, లేటైతే గడ్డ కడుతుందని. ఆయనకి సీబీసీ (రక్తకణాల లెక్క), కిడ్నీ, లివర్, షుగర్ పరీక్షలు రాశారు. 5 ఎంఎల్ సిరంజి. పర్పుల్‌కి పోసి, షుగర్‌కి వాడే గ్రేకి పోసేసరికి పసుపు ట్యూబుకి ఒక ఎంఎల్ కూడా మిగల్లేదు. పర్పుల్‌లో ఎక్కువ పడింది. "తక్కువైతే పక్కదాంట్లోంచి కొంచెం సర్దు, మళ్లీ పొడిస్తే పేషెంట్ గొడవ చేస్తాడు" అని మా సీనియర్ అన్న మొదటి వారంలోనే చెప్పాడు. అందరూ అట్లే చేస్తారనుకున్నా.

---

కొబ్బరిచట్నీ · సోమవారం రాత్రి 11:06
సాంబారు తక్కువైతే రసం కలిపినట్టు

---

పాత_మైక్రోస్కోప్ · మంగళవారం ఉదయం 5:50
కొబ్బరిచట్నీ, నవ్వులాట తర్వాత. శైలమ్మా, నేను ఇరవై ఏడేళ్లుగా ఈ పనిలో ఉన్నాను, చిత్తూరులో మొదలుపెట్టి ఇక్కడ తేలాను. ఒప్పుకున్నావు చూడు, దానికే సగం పని అయిపోయింది. ఇట్లా సర్ది ఇచ్చి నోరెత్తని వాళ్లు చాలామంది ఉన్నారు. ఆ సీనియర్‌కి కూడా ఎవడో అట్లే నేర్పి ఉంటాడు.

ఒక ట్యూబులోంచి ఇంకో ట్యూబులోకి పోయడం అనేదే లేదు. ఎంత తక్కువైనా సరే. సగం నిండిన రెండు ట్యూబులను కలిపి ఒకటి చేయడం కూడా లేదు.

వరుస ఇది: బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిముల పరీక్ష) ఉంటే అన్నిటికంటే ముందు. తర్వాత లేత నీలం మూత, దాని వెనక ఎరుపు లేదా పసుపు, తర్వాత పచ్చ, తర్వాత పర్పుల్, ఆఖరికి గ్రే. నా కుర్రాళ్లకి "నీలి, ఎర్ర, పచ్చ, ఊదా, బూడిద" అని పలక మీద రాయించినట్టు చెప్పిస్తాను. ఇందులో మర్మం ఏమీ లేదు. ముందు ట్యూబులో మందు సూదికి అంటుకుని వెనక ట్యూబులోకి పోతే ఏది చెడుతుందో చూసుకుని పేర్చిన వరుస. గ్రేలో ఉండేది సాధారణంగా సోడియం ఫ్లోరైడ్, పొటాషియం ఆక్సలేట్. అందులోనూ పొటాషియమే, చూశావా? అందుకే అది ఆఖర్న. నువ్వు పసుపు కంటే ముందు రెంటినీ నింపావు.

లేత నీలానికి ఇంకో పేచీ ఉంది. తొమ్మిది పాళ్ల రక్తానికి ఒక పాలు సిట్రేట్. గీత దాకా నిండాల్సిందే. సగం నింపి పంపితే పీటీ (గడ్డ కట్టడానికి పట్టే సమయం) లేనిపోనిది సాగుతుంది, రక్తం పలుచబడే వార్ఫరిన్ వేసుకునేవాడికి డాక్టర్ డోసు తగ్గించేస్తాడు.

---

మదనపల్లె_శైలు · మంగళవారం ఉదయం 7:15
సార్, ఒక్క సందేహం. సిరంజితో తీసినప్పుడు పర్పుల్ ఆఖర్న నింపితే అప్పటికే సిరంజిలో గడ్డ మొదలవ్వదా? నా రెండు క్లాటెడ్ శాంపిళ్లూ పర్పుల్‌వే.

---

బయోకెమ్_పీజీ · మంగళవారం ఉదయం 7:48
మంచి ప్రశ్న, చాలామంది పర్పుల్ ముందు నింపేది ఈ భయంతోనే. వరుస మార్చకండి, వేగం మార్చండి. ట్యూబులు ముందే వరుసగా స్టాండులో నిలబెట్టుకుంటే మొత్తం నింపడానికి నిమిషం పట్టదు. ఇంకా మంచిది సిరంజి మానేసి, సూదికి ట్యూబు నేరుగా తగిలించే హోల్డర్‌తో వాక్యూమ్ ట్యూబులకే వెళ్లడం. మధ్యలో పోయడమే ఉండదు.

గడ్డలకి అసలు కారణం వేరే అయి ఉండొచ్చు. నింపాక కలుపుతున్నారా? పర్పుల్‌ని వెంటనే ఎనిమిది, పది సార్లు మెల్లగా తలకిందులు చేయాలి. గ్రే, పచ్చ కూడా అంతే. నీలానికి మూడు నాలుగు చాలు. తలకిందులు చేయడం అంటే పిల్లాడిని నిద్రపుచ్చుతూ అటు ఇటు తిప్పినట్టు, దగ్గు టానిక్ సీసా ఊపినట్టు కాదు. ఊపితే కణాలు పగులుతాయి.

---

పాత_మైక్రోస్కోప్ · మంగళవారం ఉదయం 8:10
గడ్డల మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. వానాకాలంలో ఇక్కడ డెంగ్యూ వస్తుంది, ప్రతి జ్వరానికీ సీబీసీ రాస్తారు. పర్పుల్ ట్యూబులో కంటికి కనబడని చిన్న గడ్డ ఉన్నా ప్లేట్‌లెట్లు దాంట్లో చిక్కుకుపోతాయి, మిషను లెక్కపెట్టలేదు. ఒకసారి ఇరవై ఏళ్ల కుర్రాడికి 38 వేలు వచ్చింది. వాళ్ల నాన్న బొప్పాయి ఆకుల కోసం కేఆర్ మార్కెట్‌కి పరిగెత్తాడు, చుట్టాలు ప్లేట్‌లెట్ల కోసం బ్లడ్ బ్యాంకు ముందు. నేను పుల్లతో ట్యూబు కెలికితే దారంలా గడ్డ తగిలింది. మళ్లీ తీస్తే లక్షా తొంభై వేలు. జ్వరం ఉంది, అది నిజమే. ప్లేట్‌లెట్లు పడిపోవడం మాత్రం మా ట్యూబులోనే జరిగింది.

కొందరికి గడ్డ లేకపోయినా ఈడీటీఏలో ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి, అది వాళ్ల రక్తం తీరు. స్లైడు చూస్తే తెలుస్తుంది. అప్పుడు నీలం ట్యూబులో తీసి లెక్కపెట్టి, సిట్రేటు పలుచన చేసినందుకు 1.1తో గుణించుకోవాలి.

---

హిందూపురం_సిస్టర్ · మంగళవారం మధ్యాహ్నం 2:30
డ్యూటీ దిగినా. ఇంగ ఆ మూడు హీమోలైజ్ సంగతి నేను చెప్తా.

నువ్వు చేసేది కళ్ల ముందర పెట్టుకుని చూడు. సన్నని 24 సూది. ఇవతల నుంచి ప్లంజరు గట్టిగా లాగుతావు. ఇంత సందులోంచి రక్తకణాలను గుంజుతావు. తర్వాత అదే సూదితో మూతకు గుచ్చి బొటనవేలితో నెడతావు. ఒకసారి గుంజి, ఒకసారి నెట్టి, రెండుసార్లు నలిపినావు. దానికితోడు తడి స్పిరిట్ సూదితో పాటు లోపలికి పోయింది. ఎర్రకణంలో పొటాషియం బయటికంటే ఇరవై రెట్లకు పైనే. అది పగిలితే సీరం ఎర్రగా, పొటాషియం పైకి, కణంలోని ఎంజైములు ఎల్‌డీహెచ్ పైకి, ఏఎస్‌టీ పైకి.

పెద్దోళ్లకు 21 లేదా 22 పెట్టు. సన్నగా ఉంటే 23. నొప్పి సూది లావులో కంటే తడి స్పిరిట్‌లో, భయంలో, చర్మం బిగబట్టకుండా గుచ్చడంలోనే ఎక్కువ. స్పిరిట్ ముప్పై సెకన్లు ఆరనీ. నోటితో ఊదొద్దు, దూదితో తుడవొద్దు, ఆరినాక మళ్లీ వేలితో తడమొద్దు. సిరంజితోనే తీయాల్సి వస్తే ట్యూబును చేత్తో పట్టుకోకుండా స్టాండులో పెట్టి మూతకు గుచ్చి వదిలెయ్, ప్లంజరు మీద వేలు పెట్టొద్దు, లోపల ఉన్న వాక్యూమే తనంతకు తాను లాక్కుంటుంది.

---

గేజ్24_అభిమాని · మంగళవారం మధ్యాహ్నం 3:12
సిస్టర్ గారూ, నేను పన్నెండేళ్లుగా 24తోనే తీస్తున్నాను, పిల్లల వార్డు. ఎప్పుడూ హీమోలైజ్ కాలేదు. సూదిని అనొద్దు, లాగే చేతిని అనండి.

---

హిందూపురం_సిస్టర్ · మంగళవారం మధ్యాహ్నం 3:20
ఒప్పుకుంటా అన్నా. కానీ నువ్వు పన్నెండేండ్ల చేత్తో మెల్లగా లాగుతావు. ఈ పిల్ల క్యూలో పదకొండో మనిషిని చూసుకుంటా లాగుతాది.

---

పాత_మైక్రోస్కోప్ · మంగళవారం రాత్రి 9:05
ఇప్పుడు పట్టీ. మోచేతి మడతకి పైన నాలుగు వేళ్ల మందాన కట్టు. నిమిషం దాటనివ్వకు. ఎక్కువసేపు ఉంచితే నీరు బయటికి పోయి రక్తం చిక్కబడుతుంది. ప్రొటీన్, కాల్షియం, కొలెస్ట్రాల్ లేనిదాని కంటే ఎక్కువ చూపిస్తాయి. నరం వెతకడానికే నిమిషం పట్టిందా, ఇప్పెయ్. రెండు నిమిషాలు ఆగి మళ్లీ కట్టు.

పిడికిలి మెల్లగా ఒక్కసారి మూసి ఉంచమను, చాలు. రబ్బరు బంతి పిసికినట్టు మూసి తెరవమంటే కండరం పొటాషియం వదులుతుంది. ఆ ఒక్క పనికే ఒక పాయింటు దాకా పెరిగిన సందర్భాలు ఉన్నాయి. నరం మీద చెంపదెబ్బలు కొట్టేవాళ్లనీ చూశాను, అదేం పూరీ పిండా?

నరాన్ని కంటితో కాదు, చూపుడువేలితో వెతకాలి. బొటనవేలికి దాని నాడి దానికే ఉంటుంది, మోసం చేస్తుంది. నొక్కితే లోపలికి పోయి మళ్లీ వేలిని పైకి నెట్టేది నరం. తాడులా గట్టిగా, కదలకుండా ఉండేది స్నాయువు. టక్ టక్ కొట్టుకునేది ధమని, దాని జోలికి పోకు. ముందు మోచేతి మడత మధ్యలోది చూడు. అది లేకపోతే బొటనవేలి వైపుది. చిటికెనవేలి వైపుది బాగా ఉబ్బి ఊరిస్తుంది కానీ దాని పక్కనే ధమని, నాడి (నెర్వ్) ఉంటాయి. గుచ్చగానే పేషెంట్ "కరెంటు కొట్టినట్టుంది" అని చెయ్యి లాక్కుంటే మాట్లాడకుండా సూది బయటికి తియ్యి. లోపలే తిప్పి వెతకొద్దు. ఇంకోచోట, ఇంకో చెయ్యి.

గుచ్చేటప్పుడు ఎడమ బొటనవేలితో, గుచ్చేచోటికి కిందుగా, చర్మాన్ని కిందికి లాగి పట్టుకో. ముసలమ్మల నరం జారిపోతుందని అంటారే, అది జారదు, మనం పట్టుకోం. సూది వాలు ముఖం పైకి, పదిహేను నుంచి ముప్పై డిగ్రీల వాలు. రక్తం రావడం మొదలవగానే పట్టీ వదులు చెయ్. ఆఖరి ట్యూబు హోల్డర్‌లోంచి తీసి, పట్టీ పూర్తిగా విప్పి, ఆ తర్వాతే సూది. పట్టీ ఉండగా సూది తీస్తే రక్తం చర్మం కిందికి పొంగుతుంది, మర్నాటికి నేరేడు పండులా కములుతుంది.

రెండుసార్లు గుచ్చినా రాకపోతే మూడోది వేరేవాళ్లని పిలువు. పంతం వద్దు.

---

అత్తగారి_కోడలు · మంగళవారం రాత్రి 10:18
నేను మీ వృత్తి కాదండీ, పేషెంట్ తరఫు మనిషిని. మీ మాటలన్నీ చదువుతుంటే ఇన్నాళ్లూ మా చేతులకి ఏం జరిగిందో అర్థమవుతోంది.

మా అత్తగారికి ఎడమ రొమ్ము ఆపరేషన్ అయింది, చంకలో గడ్డలు కూడా తీసేశారు. మొన్న ఒక అబ్బాయి ఇంటికొచ్చి కుడిచేతికి దొరకలేదని ఎడమచేతికి కట్టబోయాడు. వద్దన్నాను. "ఏం కాదాంటీ, రెండు నిమిషాలు" అన్నాడు. నేను అనవసరంగా అడ్డుపడ్డానా?

ఇంకోటి, సూది తీశాక అందరూ మోచెయ్యి మడిచి పెట్టుకోమంటారు. ఆవిడకి ప్రతిసారీ కములుతుంది.

---

బయోకెమ్_పీజీ · మంగళవారం రాత్రి 10:31
మీరు అడ్డుపడి మంచి పని చేశారండీ. ఆ వైపు చేతికి పట్టీ, సూది, బీపీ కఫ్ మూడూ తప్పించడమే పద్ధతి. ఆ వైపే తీయక తప్పదంటే ముందు వాళ్ల డాక్టర్‌ని అడగాలి. కుడిచేతికి దొరకకపోతే గోరువెచ్చని తడిగుడ్డ కొన్ని నిమిషాలు పెట్టి, చెయ్యి మంచం పక్కకి వేలాడేసి చూడాలి. లేదంటే అరచేతి వెనక బటర్‌ఫ్లై (సన్న గొట్టం ఉన్న) సూదితో. వచ్చే ముందు రెండు గ్లాసుల నీళ్లు తాగించండి. ఫాస్టింగ్‌లో మంచినీళ్లు తాగొచ్చు.

మోచెయ్యి మడవొద్దు. చెయ్యి చాపి, దూది మీద వేలితో గట్టిగా, మూడు నాలుగు నిమిషాలు నొక్కాలి, రుద్దకూడదు. రక్తం పలుచబడే మాత్రలు వేసుకుంటుంటే ఇంకాసేపు.

---

డయాలసిస్_గోపి · మంగళవారం రాత్రి 10:40
డయాలసిస్ కోసం నరాన్ని ధమనితో కలిపిన చెయ్యి, ఫిస్టులా అంటారు, అది కూడా అంతే. మావాళ్లకి ఆ చెయ్యే ప్రాణం. ఉబ్బిన నరం చూసి కొత్తవాళ్లకి నోరూరుతుంది. ముట్టుకోవద్దు.

సెలైన్ ఎక్కుతున్న చేతికి పైన కూడా తీయొద్దు. అటు తీసి, సోడియం, షుగర్ అడ్డదిడ్డంగా వచ్చాక ల్యాబ్‌ని తిట్టడం మా దగ్గర వారానికోసారి ఉంటుంది.

---

సిల్క్‌బోర్డ్_బాధితుడు · బుధవారం ఉదయం 11:25
సూది సంగతి చాలా అయింది, నా పరువు తీసుకునే కథ ఒకటి చెప్తా. నాది కడప. వచ్చిన కొత్తలో నాకు వచ్చిన కన్నడం "ఊట ఆయ్తా" ఒక్కటే. బొమ్మనహళ్లిలో ఒక పెద్దాయన ఇంటికి పొద్దున ఏడున్నరకి ఫాస్టింగ్ షుగర్‌కి వెళ్లా. "ఊట ఆయ్తా సార్?" అన్నా. "ఇల్లప్పా" అన్నాడు. తీశా. 168. ఎప్పుడూ 105 దాటని మనిషి.

కన్నడంలో ఊట అంటే భోజనం. పొద్దున తినేది తిండి. ఆయన రెండిడ్లీ, ఒక వడ, కాఫీ లాగించి "ఊట కాలేదు" అని నిజమే చెప్పాడు. మనకేమో తిండి అంటే తిండే కదా. అప్పట్నుంచి "బెళిగ్గె ఏనాద్రూ తింద్రా, కుడిద్రా?" (పొద్దున ఏమైనా తిన్నారా, తాగారా) అనే అడుగుతా. కాఫీ, టీ, మజ్జిగ ఒక్కొక్కటీ పేరు పెట్టి మరీ.

పేరు కూడా అంతే. "లక్ష్మమ్మ నీవేనా?" అంటే ఈ ఊళ్లో సగంమంది హూఁ అంటారు, వినబడని వాళ్లతో సహా. "నిమ్మ హెసరు ఏను?" (మీ పేరేంటి) అని అడిగి వాళ్ల నోట చెప్పించుకోవాలి, వయసుతో కలిపి. లేబుల్ అక్కడే, వాళ్ల ముందే, రక్తం తీశాక అంటించాలి. ముందే అంటించి పెట్టుకున్న ట్యూబులు ఒకసారి భార్యాభర్తలకి తారుమారు చేశా. ఆయన హీమోగ్లోబిన్ ఆవిడకి, ఆవిడ థైరాయిడ్ ఆయనకి.

ఇక ట్రాఫిక్. పసుపు ట్యూబులో తీసిన షుగర్ సెంట్రిఫ్యూజ్ చేయకుండా బ్యాగులో ఉంటే కణాలు దాన్ని తింటూనే ఉంటాయి, గంటకి 5 నుంచి 7 శాతం. రెండు గంటలు సిల్క్ బోర్డ్ దగ్గర నిలబడితే షుగర్ పేషెంటుకి ఫ్లైఓవర్ మీదే వైద్యం జరిగిపోతుంది. అందుకే గ్రే ట్యూబు. అది కూడా పూర్తిగా పట్టు బిగించడానికి గంట పైన పడుతుంది, కాబట్టి గ్రే ఉందని తీరిగ్గా టీ తాగొద్దు.

---

మాజీ_నైట్‌డ్యూటీ · బుధవారం సాయంత్రం 6:02
ఇంత చర్చలో ఎవరూ మన వేళ్ల గురించి మాట్లాడలేదు. 2021లో నైట్ డ్యూటీలో రక్తం తీసి, రెండు చేతులతో సూదికి మూత పెట్టబోయా. మూత పక్కనుంచి జారి ఎడమ చూపుడువేలిలో దిగింది. గ్లవ్స్ వేసుకునే ఉన్నా. వేలు పిండబోతే పక్కనున్న సిస్టర్ చెయ్యి పట్టుకుని ఆపింది. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయొద్దు, పారే నీళ్లలో సబ్బుతో కడుగు అంది. పేషెంటుకి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు, నాకూ పరీక్షలు. హెచ్‌ఐవీ అంటకుండా వేసే మందు రెండు గంటల్లోపు మొదలైతే మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. నేను గంటలోపే వేసుకున్నా. 28 రోజుల కోర్సు రాశారు. వికారం, నిద్ర లేదు. ఇంట్లో చెప్పలేదు. ఆఖరికి అన్నీ నెగటివ్.

హెచ్‌ఐవీ సూది పోటుతో అంటుకునే అవకాశం వెయ్యికి మూడు. హెపటైటిస్ బీ టీకా లేనివాళ్లకి వందకి ముప్పై దాకా. భయపడేది మొదటిదానికి, జాగ్రత్త పడాల్సింది రెండోదానికి. శైలూ, మూడు డోసులు వేసుకున్నావా? మొదటిది, నెలకి రెండోది, ఆరో నెలకి మూడోది. సెంటర్‌వాళ్లు వేయించకపోతే అడుగు.

సూదికి మళ్లీ మూత పెట్టకు. నీడిల్ కట్టర్ చేతికందే దూరంలో ఉండాలి, గదికి అవతల కాదు. 2016 బయో మెడికల్ వేస్ట్ రూల్స్ ప్రకారం సూదులు తెల్ల డబ్బాలోకి, సూది లేని సిరంజి, ట్యూబులు ఎర్ర సంచిలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి.

---

మదనపల్లె_శైలు · బుధవారం రాత్రి 9:30
రెండు డోసులే అయ్యాయి. మూడోది వచ్చే నెల. క్యాలెండర్లో రాసుకున్నా.

అందరికీ ఏమని చెప్పాలో తెలియట్లేదు. ఇవాళ 22 గేజ్ పెట్టి, ఆరనిచ్చి తీశా. ఒక ఆంటీ "ఈరోజు మంట లేదే" అంది.

---

మదనపల్లె_శైలు · రెండు వారాల తర్వాత, గురువారం రాత్రి 8:50
అప్‌డేట్. పధ్నాలుగు రోజుల్లో వెనక్కొచ్చింది ఒక్కటే, అది నీలం ట్యూబు గీతకి తక్కువైంది. బటర్‌ఫ్లైతో తీశాను.

సీనియర్ అన్నతో సర్దడం గురించి మాట్లాడా. మొదట కోపం చేశాడు. కాల్షియం 5.9 రిపోర్టు చూపించా. రెండు రోజులు మాట్లాడలేదు. నిన్న చూస్తే తనే పసుపు ట్యూబు ముందు పెట్టుకున్నాడు, నా వైపు చూడకుండా.

ఇన్‌ఛార్జిని హోల్డర్లు తెప్పించమని అడిగా. "బడ్జెట్" అన్నాడు. 10 ఎంఎల్ సిరంజిలు మాత్రం ఇచ్చాడు.

---

బయోకెమ్_పీజీ · గురువారం రాత్రి 9:04
బటర్‌ఫ్లై గొట్టంలో గాలి ఉంటుంది, ఆ గాలి మొదటి ట్యూబులోకి పోయి అంతమేరకు రక్తం తగ్గుతుంది. నీలం మొదటిదైతే ముందు ఒక ఖాళీ ట్యూబు పెట్టి గొట్టం నిండనివ్వండి, దాన్ని పడేసి తర్వాత నీలం పెట్టండి.

---

మదనపల్లె_శైలు · గురువారం రాత్రి 9:11
ఓహ్, అదా! థాంక్స్ మేడమ్.

ఇంకొక్కటి. రేపు పొద్దున కాడుగోడిలో హోమ్ కలెక్షన్, నాలుగు నెలల పాప, బిలిరుబిన్ (కామెర్ల పరీక్ష) ఒక్కటే. మడమ దగ్గర తీయమన్నారు. ఎప్పుడూ తీయలేదు.

---

గేజ్24_అభిమాని · గురువారం రాత్రి 9:19
మడమ మధ్యలో కాదు, పక్కల. మధ్యలో ఎముక దగ్గరగా ఉంటుంది, వెనక వంపులోనూ వద్దు. ముందు గోరువెచ్చని గుడ్డతో మూడు నిమిషాలు వేడి చెయ్. పిల్లల లాన్సెట్ (చిన్న పోటు సూది) తీసుకెళ్లు, పెద్దవాళ్లది కాదు. మొదటి చుక్క తుడిచెయ్. పాలు పిండినట్టు పిండకు, పిండితే హీమోలైజ్. బిలిరుబిన్ వెలుగుకి పాడవుతుంది, ట్యూబుకి అల్యూమినియం రేకు చుట్టు. వాళ్లమ్మని పాలిస్తూ ఒళ్లో పట్టుకోమను.

---

హిందూపురం_సిస్టర్ · గురువారం రాత్రి 9:22
పాప ఏడిస్తే నువ్వు ఏడవద్దు. పొయ్యొచ్చినాక ఇక్కడ చెప్పు.